నలగని నిమ్మకాయలు

ఆయుధపూజకు తన పాత అంబాసిడర్ టాక్సీని తళతళలాడేట్టు కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, రెండు రోజులు కదపలేదు ఆదిమూలం. మూడోనాడు స్టార్టు చేస్తే వెనక చక్రాలు పట్టేశాయి. నిమ్మకాయలు నలగనే లేదు. పోయిన నెలలో బ్రేకులు బాగుచేసిన మెకానిక్కు గంగులప్పను పిలిపించి, చిత్తూరు స్టాండులో నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు.

గంగులప్ప సుత్తితో తట్టి తట్టి వెనక చక్రం బ్రేకు డ్రమ్ము ఊడదీశాడు. లోపలంతా తుప్పు. పక్కకు వంగి, ఆదిమూలానికి మాత్రమే వినబడేలా, "కడిగినాక తడారకుండానే హ్యాండ్‌బ్రేకు లాగినావా అన్నా? అందుకే తుప్పు పట్టి బ్రేకు అతుక్కోనుండాది" అన్నాడు.

లాగింది తనే. బండి దొర్లి నిమ్మకాయలు ముందే నలిగితే అరిష్టమని బలంకొద్దీ లాగాడు.

"ఏమైందప్పా?" అని పక్క టాక్సీ డ్రైవరు కేకేశాడు.

"తప్పు నాదేలేబ్బా, సరిగ్గా బిగించలే" అన్నాడు గంగులప్ప చేతులు తుడుచుకుంటూ.

కాదు, తప్పు నాదేనని చెప్పడానికి ఆదిమూలం నోరు తెరిచాడు. ఇందాక స్టాండంతా అదరగొట్టిన గొంతు ఇప్పుడు పెగల్లేదు.