నిరుపమ గారి పాఠం

ఆ శనివారం హామిల్టన్‌లో నిరుపమ గారింటికి పదకొండుమంది భోజనానికి వచ్చారు. ఆమె అక్కడి యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తుంది. విక్టోరియా రాణి కాలం నాటి నవలల్లో ఆమెది అందె వేసిన చేయి. ఊళ్ళో తెలుగువాళ్ళకు ఆమె అంటే ఎంతో గౌరవం. పిల్లల చదువుల దగ్గర్నుంచి ఇంటి తగాదాల దాకా అందరూ ఆమె సలహానే అడుగుతారు.

దోసెలు వడ్డిస్తుండగా ఒకాయన అడిగాడు. "ఆ పాత నవలల్లో ఏముంటుంది మేడం? అన్నీ పెళ్ళిళ్ళ గొడవలేగా!"

నిరుపమ నవ్వింది. "ఆ పెళ్ళిళ్ళ వెనక చాలా క్రూరత్వం ఉంటుందండీ. ఆ రోజుల్లో భర్త పోయిన స్త్రీ ఏళ్ళ తరబడి నల్లబట్టలే కట్టాలి. విందులకు వెళ్ళకూడదు, నలుగురిలో నవ్వకూడదు. తనకంటూ ఏదైనా కావాలని నోరు తెరిచిందా, ఇంట్లోవాళ్ళు కొట్టరు, తిట్టరు. ఎంతో మర్యాదగా మాట్లాడుతూనే ఆమెకు మతి చలించిందని ప్రచారం చేస్తారు. పిచ్చిదని పేరు పడ్డాక ఇంక ఆమె మాట ఎవరు వింటారు?"

అందరూ అయ్యో అన్నారు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. వంటగదిలో నిలబడి దోసెలు వేస్తున్న కుసుమ ఆ మాటలన్నీ విన్నది. వచ్చిన పదకొండుమందిలో ఒక్కరు కూడా, నువ్వూ వచ్చి కూర్చోమ్మా అనలేదు.

కుసుమ నిరుపమకు తోటికోడలు. ఆమె భర్త విష్ణు ముప్పై ఆరేళ్ళకే గుండెపోటుతో పోయాడు. అప్పటికి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం చేస్తూ బావగారింటి వెనక గదిలో ఉంటోంది. ఇంట్లో వంట ఆమెదే. నిరుపమ కూతురు వర్షితను ట్యూషన్లకూ ఈత క్లాసులకూ కారులో తిప్పేదీ ఆమే. "సొంత చెల్లెల్లా చూసుకుంటున్నాం" అని ఆ ఇంటివాళ్ళు నలుగురిలో చెప్పుకునేవారు.

మర్నాడు పొద్దున నిరుపమ స్టూడెంట్ల పేపర్లు దిద్దుతుంటే కుసుమ కాఫీ ఇచ్చి అక్కడే నిలబడింది.

"అక్కా, నిన్న మీరు చెప్పింది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. నేను మళ్ళీ పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

నిరుపమ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఎవరిని?"

"దామోదర్ అని, కరీంనగర్ వైపు. స్టూడెంట్‌గా వచ్చి ఇక్కడే సెటిలయ్యాడు. పాల ట్యాంకర్ డ్రైవ్ చేస్తాడు. అతను మొదట్లో అద్దెకున్న ఇంటి ముసలావిడ ఇప్పుడు మా ఆశ్రమంలో ఉంది. ఆవిడకెవరూ లేరు. రెండేళ్ళ నుంచి ప్రతి ఆదివారం వచ్చి, సూప్ తాగించి, కబుర్లు చెప్పి వెళ్తాడు. నాకింకా ముప్పై నాలుగే అక్కా. నాకూ ఒక ఇల్లుండాలని ఉంది."

"మనవాళ్ళేనా?"

"కాదు."

"కుసుమా, నిన్న నువ్వు విన్నది పుస్తకాల సంగతి. ఇది సంసారం. రేపు వర్షితకు సంబంధాలు చూడాలి. మీ బావగారు తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటు. కాస్త ఆలోచించు."

ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తలేదు. నిరుపమ భర్త రవిచంద్ర మాత్రం కుసుమ గదిలో ఉన్న విష్ణు ఫోటో తీసుకెళ్ళి హాల్లో పెట్టాడు. "ఇక్కడుంటేనే వాడికి గౌరవం" అన్నాడు. తణుకులో ఉన్న కుసుమ తండ్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. "వాళ్ళ మాట కాదంటే నాకు కూతురు లేదనుకుంటాను" అన్నాడు తండ్రి. చారుకు పోపు పెడుతూ కుసుమ ఆ మాట విన్నది. అయినా మనసు మార్చుకోలేదు.

అప్పుడు నిరుపమ దామోదర్‌ను ఒక కేఫ్‌కు పిలిచింది.

"మీరు మంచివారు, అందుకే చెప్తున్నాను. మా విష్ణు పోయిన దగ్గర్నుంచి కుసుమకు మనసు స్థిమితంగా లేదు. ఎవరైనా కాస్త ఆప్యాయంగా పలకరిస్తే చాలు, పెళ్ళి దాకా ఊహించేసుకుంటుంది. మేం బయట చెప్పుకోలేక మందులు వాడిస్తున్నాం."

అందులో ఒక్క ముక్క నిజం లేదు. కానీ చెప్తున్నప్పుడు నిరుపమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే మాట ఇద్దరు స్నేహితురాళ్ళకు కూడా రహస్యమని ఒట్టు పెట్టించుకుని చెప్పింది. వారం తిరక్కుండానే ఊరంతా పాకింది. ఒకరింట్లో వ్రతానికి వెళ్తే, కుసుమ ఒళ్ళో ఆడుకుంటున్న పిల్లను తల్లి వచ్చి లాక్కుపోయింది. ఆశ్రమంలోనూ ఎవరో ఊదారు. మనసు స్థిమితంగానే ఉందని డాక్టర్ దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మంది మేనేజరు. కుసుమ వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. సంపూర్ణ ఆరోగ్యంతో ఉందని డాక్టర్ రాసిచ్చాడు.

ఆ సాయంత్రమే దామోదర్ ఆశ్రమం కార్ పార్కులో ఆమె కోసం వచ్చి నిలబడ్డాడు.

"వాళ్ళు చెప్పింది నేను నమ్మలే, కుసుమా. కానీ ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకుంటే ఏమైతది? అందరి నోళ్ళు మూతపడ్తయి కదా."

డాక్టర్ ఉత్తరం ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. కుసుమ దాన్ని బయటికి తీయలేదు.

"నువ్వు వెళ్ళు దామోదర్" అంది.

అతను నెల రోజులు ఫోన్లు చేశాడు. ఆమె ఎత్తలేదు. ఆ తర్వాత సముద్రం అవతల దక్షిణ దీవిలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు.

నిరుపమ ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు కుసుమ రెండు పెట్టెలు కారులో వేసుకుని, గంటన్నర దూరంలోని మనురేవాలో బట్టల షాపులో పని దొరికిందని చెప్పి వెళ్ళిపోయింది. "నేను చెప్పలేదూ, స్థిమితం లేదని!" అని నిరుపమ అందరితో అంది. అందరూ నిరుపమ మీదే జాలిపడ్డారు.

ఆ ఏడాది చివర వర్షితకు స్కూల్లో వ్యాసం రాయమన్నారు. విషయం, విక్టోరియా కాలపు నవలల్లో మనిషి కోరికకూ సమాజపు కట్టుబాటుకూ జరిగిన పోరాటం. ఇంట్లో తెలుగు అర్థమైనా ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, ఆ రోజు తడబడుతూ తెలుగులో అడిగింది.

"అమ్మా, ఆ కథల్లో ఫ్యామిలీ ఆమెను పిచ్చిది అంటారు కదా, ఎందుకు?"

"అదే అన్నిటికంటే తేలిక కాబట్టి. రుజువు చూపించక్కర్లేదు" అంది నిరుపమ అలవాటుగా.

"మరి పిన్ని కూడా అంతేనా? ఆ ఫ్యామిలీ మనమేనా?"

పాతికేళ్ళుగా క్లాసులో ఏ ప్రశ్నకూ తడుముకోని నిరుపమ, కూతురి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

మర్నాడే మనురేవా వెళ్ళింది. టీ విరామంలో కుసుమ షాపు బయటికి వచ్చింది. చిక్కిపోయింది. ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నానంది. నిరుపమ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

"తప్పు చేశాను. అబద్ధం చెప్పానని దామోదర్‌కు నేనే ఫోన్ చేసి ఒప్పుకుంటాను."

"అతనికి పోయిన నెలలో పెళ్ళయిందక్కా."

"నాకు తెలియక..." అని మొదలుపెట్టింది నిరుపమ.

కుసుమ మెల్లగా చేతులు విడిపించుకుంది. "తెలియక కాదు. పిచ్చిదంటే చాలు, మనిషి కథ ముగిసిపోతుందని మీకు తెలిసినంత బాగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందుకే నా మీద అదే ప్రయోగించారు. ఆ రోజు భోజనాల దగ్గర మీరు చెప్పింది నిజమని నమ్మి వచ్చి అడిగాను చూడండి, అదీ నా తప్పు."

లోపల్నుంచి ఎవరో పిలిచారు. కుసుమ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"పుస్తకంలో ఆడదాని కోసం ఎవరైనా ఏడుస్తారక్కా, ఆమె మనల్ని ఏమీ అడగదు కాబట్టి. మన ఇంట్లో మనిషి ఎదురుగా నిలబడి 'నాకిది కావాలి' అన్నప్పుడు, ఆమె బతుకు ఆమెదేనని ఒప్పుకోలేనివాళ్ళు ఎన్ని పుస్తకాలు చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే."