పడవ ముక్కున బొట్టు

దాలయ్య నీలం పడవ మీద మనసు పారేసుకున్నాడన్న సంగతి, ఆ పడవ ఒడ్డుకి రాకముందే జాలారిపేట అంతా తెలిసిపోయింది. తెలియక ఏం చేస్తుంది? ఆయన నోట్లో నువ్వు గింజ నానదు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, వలలు బాగుచేసే చోట చెప్పాడు, మంగలి గడ్డం గీస్తుంటే కత్తి కింద కూడా ఊరుకోలేదు.

"ముక్కు సూత్తే ఆకాశంలోకి లేసి ఉంటాది బావా! రంగు సూత్తే పెళ్ళి సీరే!"

ఇన్ని చెప్పినవాడు చెప్పని మాట ఒక్కటుంది. పోయిన ఏడు ఆషాఢంలో, ఒడ్డు ఇంకో వంద బారలుందనగా, ఆయన పాత పడవ కెరటానికి అడ్డం తిరిగి బోల్తా కొట్టింది. పడవ ముక్కలైంది. వలలు పోయాయి. దాలయ్య కుడి భుజం జారింది. భుజాన్ని కట్టుకట్టి కుదిర్చారు గాని, లోపల పుట్టిన భయాన్ని ఎవరూ కుదర్చలేకపోయారు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళ పడవల్లో వేటకి వెళుతూనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు దగ్గర విరిగే ఆ చివరి మూడు కెరటాలూ కనబడగానే భుజం సలపడం మొదలుపెడుతుంది. నలభై ఆరేళ్ళొచ్చి, మీసం నెరిశాక, నాకు కెరటం అంటే భయంగా ఉందని మనిషి ఎవరితో చెప్పుకుంటాడు? సొంతంగా మంచి పడవ ఉంటే ఈ దిక్కుమాలిన భయం వదులుతుందని ఆయన ఆశ. వదలకపోతే సముద్రం మానేసి, ఫిషింగ్ హార్బర్లో ఐసు దిమ్మలు మోసుకోవాలి. ఆ ఊహకే ఆయన ప్రాణం ఉసూరుమనేది.

భార్య వరహాలమ్మకి కూడా చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకి తెలుసు. పాతికేళ్ళుగా గంప నెత్తిన పెట్టుకుని మహారాణిపేట వీధుల్లో చేపలమ్మే మనిషి. మొప్ప ఎత్తి చూసి చేప ఏ పూటదో చెప్పగలిగిన ఆడది మొగుడి మొహం చూసి చెప్పలేదా? అడిగితే ఆయన చిన్నబోతాడని అడగలేదు, అంతే.

పడవ చేసింది మల్కాపురం జ్ఞానదాసు మేస్త్రి. షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు వడ్రంగం చేసి, రిటైరయ్యాక ఫిషింగ్ హార్బర్ పక్కన షెడ్డు వేసుకుని చిన్న పడవలు చేస్తున్నాడు. అది పందొమ్మిది వందల ఎనభై రెండో సంవత్సరం, మళ్ళీ ఆషాఢమే. ఆదివారమైతే ఆయన చర్చి మానడు కాబట్టి సోమవారం పొద్దున్నే లాంచీ వెనక కట్టి జాలారిపేట ఒడ్డుకి తెచ్చాడు. ఒకటి కాదు, రెండు పడవలు.

రెండోదాన్ని చూసి దాలయ్యకి నవ్వాగలేదు. దానికి తారు తప్ప రంగు లేదు. ముక్కు పొట్టి, వెడల్పు. బుగ్గలు పన్నునొప్పి వచ్చినట్టు ఉబ్బి ఉన్నాయి.

"ఈ సాటని ఎందుకు తెచ్చినావు మేస్త్రీ? బియ్యం సెరగడానికేటి?"

"రెండేళ్ళుగా షెడ్డులో ఉండిపోనాది దాలయ్యా. ఎవురూ దాని మొకం సూడరు. ఒక్కపాలి నువ్వు సూత్తావని తెచ్చినాను" అన్నాడు జ్ఞానదాసు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడడు.

దాలయ్య వింటేనా! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. బావమరిది కన్నబాబునీ మరో ఇద్దరినీ తెడ్లకి కూర్చోబెట్టి, తను వెనక నిలబడి నీలం పడవని నీళ్ళలోకి తోయించాడు. ఖాళీ పడవ, కొత్త పడవ. మూడు కెరటాలనీ కోసుకుంటూ వెళ్ళి, గుండ్రంగా తిరిగి, ఒడ్డెక్కి కూర్చుంది. జనం ఈలలేశారు. వచ్చేటప్పుడు భుజం సలిపింది గాని, కొత్త కదా, అలవాటవుతుందిలే అని దాలయ్య తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఆ సంబరంలో పసుపూ కుంకుమా తీసుకుని పడవ ముక్కున బొట్టు పెట్టేశాడు.

అప్పుడే వరహాలమ్మ గంపతో వచ్చింది.

"ఉండయ్యా, ఉండు! అప్పుడే బొట్టేటి..."

"ఇంకేటి ఉండేది? అయిపోనాది" అన్నాడు పైడయ్య. ఆయన పేటకి పెద్ద. ఆచారాలన్నీ ఆయన నోటిమీదే ఉంటాయి. "బొట్టెట్టిన పడవ ఇంటాడపిల్లతో సమానం. ఎనక్కి పంపితే గంగమ్మ ఊరుకోదు. ఇక మంచైనా సెడ్డైనా అది దాలయ్యదే."

వరహాలమ్మ గంప దించింది. నీలం పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. తారు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"కాళీ గంప నెత్తినెట్టుకుని గుంటలు కూడా గెంతుతారు. నిండుగంపతో నడిసినప్పుడు కదా మెడ సంగతి తెలిసేది! వేట నుంచి కాళీగా వత్తావేటి నువ్వు? తడిసిన వల ఉంటాది, సేపలుంటాయి. బరువెట్టి సూపించు."

దాలయ్య తల గోక్కున్నాడు. నిజమే, అంత చిన్న సంగతి తనకి తట్టలేదు. కానీ బరువెక్కడిది? వల లేదు, ఆ పూట ఎవరికీ వేట లేదు. ఇసక బస్తాలు వేద్దామన్నాడు కన్నబాబు. బోల్తా కొడితే ఇసక పడవని అడుక్కి లాగేస్తుంది, వద్దన్నాడు జ్ఞానదాసు.

"ఈదగలిగిన బరువైతే మంచిది" అన్నాడు నెమ్మదిగా.

వరహాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. చేపల్లేక గోళ్ళు గిల్లుకుంటున్న ఆడవాళ్ళు ఆరుగురు ఇసకలో కూర్చుని ఉన్నారు. అందరూ జాలారిపేటలో పుట్టిన ఆడపిల్లలే, నడక కన్నా ముందు ఈత నేర్చినవాళ్ళే. తిండిపుష్టి గల మనుషులు కూడాను.

"లెగండే! మనమే బరువు."

పైడయ్య చుట్ట కింద పడేసుకున్నాడు. "ఓలమ్మో! ఆడోళ్ళు పడవెక్కుతారా? గంగమ్మకి కోపమొత్తాది!"

"గంగమ్మ మగోడేటి మావా? ఆడోళ్ళని సూసి ఆడదెందుకు కోపపడతాది?"

అరవై ఏళ్ళలో ఈ ప్రశ్న పైడయ్యని ఎవరూ అడగలేదు పాపం. ఆయన ఇసకలోంచి చుట్ట ఏరుకునేలోపు ఏడుగురూ చీరలు ఎగ్గట్టి నీలం పడవెక్కేశారు. అలవాటు కొద్దీ సత్తు గిన్నెలు కూడా పట్టుకెళ్ళారు.

దాలయ్య వెనక, కన్నబాబు వాళ్ళు తెడ్ల దగ్గర, పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగి మొదటి కెరటం దాటింది. రెండోది వచ్చింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆకాశం చూసిన ముక్కు, బరువు పడేసరికి నేరుగా కెరటం కడుపులో దూరింది. లేవాల్సినప్పుడు లేవలేదు. నీళ్ళు గుప్పున లోపలికొచ్చి మోకాళ్ళు దాటాయి. పడవ అడ్డం తిరగడం మొదలుపెట్టింది.

"వరాలూ, నా కొత్త సీరే!" అని ఆ ఆరుగురిలో తాయారు కేకేసింది.

"ముందు నీళ్ళు తోడే! సీర తరవాత ఆరేసుకుందువు గాని!"

సత్తు గిన్నెలతో ఆడవాళ్ళు నీళ్ళు తోడుతూ అరుస్తున్నారు, అరుస్తూనే నవ్వుతున్నారు. దాలయ్యకి మాత్రం నవ్వు రాలేదు. భుజం నిప్పు పెట్టినట్టు మండింది. పోయిన ఏడాది కెరటమే మళ్ళీ వచ్చినట్టనిపించింది. కన్నబాబు తెడ్డు అడ్డమేసి లాగబట్టి గాని, లేకపోతే అందరూ ఈదుకుంటూ రావలసిందే. పడవ ఎలాగో ఇసక తాకింది. దిగాక దాలయ్య ఎవరికీ మొహం కనబడకుండా పడవ అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. పైన పటారం, లోన లొటారం. ఇంత అందమైన దాన్ని కోరి తెచ్చుకున్నాను, ఇక బతికినన్నాళ్ళూ దీని మీద భయపడుతూ వేటకెళ్ళాలా అని ఏడుపొచ్చినంత పనైంది.

"సెప్పినాను కదా, బొట్టెట్టీసినాక..." అని పైడయ్య మొదలుపెట్టాడు.

"ఏదీ బొట్టు?" అంది వరహాలమ్మ.

అందరూ పడవ ముక్కు చూశారు. అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"గంగమ్మే తుడిసీసినాది మావా. ఈ సంబంధం వద్దు అనీసినాది. అమ్మ వద్దన్నాక నువ్వు కావాలంటావేటి?"

ఒడ్డంతా గొల్లుమంది. ఎవరు చెప్పిన ఆచారం వాళ్ళ మెడకే చుట్టుకుంటే ఇంకేం చేస్తారు? పైడయ్య పడవ ముక్కు దగ్గరగా వెళ్ళి, వేలితో రుద్ది, వేలు చూసుకుని, "అమ్మ మాటకి అడ్డేటి" అని ఒప్పుకున్నాడు.

"మేస్త్రీ, ఆ సాటకి బొట్టెడితే నీకేమన్నా ఇబ్బందా?" అని అడిగింది వరహాలమ్మ.

"నా ప్రార్థన నాను ఎప్పుడో సేసీసినాను వరాలమ్మా. మీ బొట్టు మీరెట్టుకోండి."

దాలయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒసే, దీని మీద ఎల్తే ఊరంతా నవ్వుతాదే!"

"నవ్వితే ఊరంతా నవ్వుతాది. ఏడిత్తే నానొక్కదాన్నే ఏడవాలి" అంది ఆవిడ.

ఆయన చెయ్యి వదిలేశాడు. వరహాలమ్మ ఆ పొట్టి ముక్కు మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. మళ్ళీ అదే బరువు, అవే తెడ్లు, అవే సత్తు గిన్నెలు.

కెరటం వచ్చింది. ఉబ్బిన బుగ్గల కింద దూరి, మనవడిని చంకనెత్తుకున్న ముసలమ్మలా పడవని ఎత్తి, అవతల దించింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తాయారు తోడడానికి నీళ్ళు వెతుక్కుంది. అయినా అసలు పరీక్ష వెళ్ళడంలో లేదు, రావడంలో ఉంది. వెనక నుంచి వచ్చే కెరటం పడవని తోసి అడ్డం తిప్పేస్తుంది. దాలయ్య పళ్ళు బిగించి, వెనక తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. కెరటం వెనక భాగాన్ని లేపింది. పడవ వెడల్పాటి పొట్ట మీద తిన్నగా జారింది. పక్కకి చూడలేదు, తూలలేదు. దాలయ్య తెడ్డు ఇలా తిప్పాడో లేదో అది చెప్పిన మాట విన్నది.

"ఒరే కన్నా, సూసినావురా! ఇంటన్నాదిరా ఇది, ఇంటన్నాది!" అని అరుస్తూ ఒడ్డుకొచ్చేశాడు. ఒడ్డుకొచ్చాక ఆగలేదు. "ఇంకోపాలి ఎల్దాం! ఎవురూ దిగకండి!" అన్నాడు. అలా మొత్తం నాలుగుసార్లు వెళ్ళి వచ్చారు. నాలుగోసారి తాయారు, ఇంటి దగ్గర పొయ్యి వెలిగించాలి, నన్ను దింపండి బాబో అని మొత్తుకుంది.

ముక్కు మీద బొట్టు తుంపరకి అంచున కాస్త కారింది గాని, చెరగలేదు. పైడయ్య కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

జనం పడవ చుట్టూ మూగారు. జ్ఞానదాసు తన పడవ బుగ్గని అరచేత్తో నిమురుతున్నాడు. ఆ సందట్లో వరహాలమ్మ మొగుడి పక్కకి వచ్చి, ఏడాదిగా అడగని మాట మెల్లగా అడిగింది.

"భుజం ఎలగున్నాదయ్యా?"

దాలయ్య పడవ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఏ భుజమే?"