కోట చర్చి గుమ్మం

ఆదివారం పొద్దున్నే పాలు పితికి, ఆవులను కొండవాలుకు తోలి, ఊరంతా కోట ఎక్కేది. కోట సగం కూలిపోయింది. బురుజుల్లో కాకులు, గుర్రపుశాలలో ఎండుగడ్డి. చెక్కుచెదరకుండా నిలిచింది లోపలి చిన్న చర్చి ఒక్కటే. దాని రాతి గుమ్మం నిజంతో వచ్చినవాళ్లకు బారెడు, అబద్ధం మోసుకొచ్చినవాళ్లకు బెత్తెడు. మర పట్టే గ్రెగర్ పిండిలో సున్నం కలిపేవాడు. అందుకని ఏళ్లుగా బయట మెట్టు మీద కూర్చునే ప్రార్థన వినేవాడు. వానొస్తే ఎవరో ఒకరు గొడుగు ఇచ్చేవారు. అబద్ధానికి వేరే శిక్ష అక్కరలేదు, మోయడమే శిక్ష.

ద్రాక్షకోతలు అయ్యాక నేజా పెళ్లి పెట్టుకున్నారు. వరుడు తేనెటీగలు పెంచే మతీయా. అతని పచ్చికబీడు నేజా తండ్రి బ్లాజ్ పొలాన్ని ఆనుకుని ఉంది. సంబంధం కుదిరింది ఆ గట్టు మీదే. అంతకుముందు చలికాలమంతా మాటలకొచ్చిన మతీయా మాట్లాడింది మాత్రం బ్లాజ్ చెల్లెలు ఉర్షాతో, అదీ తేనెటీగల సంగతే. అతనొచ్చే రోజు ఉర్షా ఉతికిన బట్ట కట్టేది. పెళ్లీడు దాటి, అన్న ఆవులు పితుకుతూ ఉండిపోయిన మనిషిని ఎవరు గమనిస్తారు? ఈ పెళ్లి జరిగిపోతే ఆమెకు ఇక బతుకంతా ఆ ఆవులే.

పెళ్లిరోజు అకార్డియన్ మోతతో మగపెళ్లివారు వాకిట్లో దిగారు. ఊరి ఆచారం ప్రకారం ఆడపెళ్లివారు ముందు దొంగ పెళ్లికూతుర్ని తెచ్చారు. ముఖాన మసి, వీపున గడ్డిమూట, నెత్తిన చిరిగిన ముసుగు. ఈసారి ఆ వేషం ఉర్షాకు వేశారు.

"ఇదిగోనోయ్ నీ బంగారుబొమ్మ! కావాలంటే పళ్లు కూడా చూసుకో!" అని ఆడవాళ్లు విరగబడి నవ్వారు.

వరుడు "ఈమె కాదు" అంటేనే అసలు పిల్లను తెస్తారు. మతీయా ఉర్షానే చూస్తూ నిలబడ్డాడు. స్నేహితుడు డొక్కలో పొడిచాడు. "ఒరేయ్, నోట్లో ఈగ దూరిందా? అనరా!"

"ఈమె... కాదు," అన్నాడు మతీయా.

ఊరేగింపు కోట ఎక్కింది. వేషంతోనే ఉర్షా కొవ్వొత్తులు పట్టుకుని, గడ్డిమూటతో సహా గుమ్మం దాటిపోయింది. వెనకాలే మొక్కజొన్న దంటులాంటి నేజా వచ్చి, గుమ్మంలో ఇరుక్కుపోయింది.

"నాన్నా, పట్టడం లేదు!"

"ఊపిరి బిగబట్టవే!" అంటూ బ్లాజ్ వెనకనుంచి నెట్టాడు.

"నెట్టకు బ్లాజ్, రాయి నీ మాట వినదు," అన్నారు లోపలినుంచి ఫాదరు గారు. "అమ్మాయ్, ఏం మోసుకొచ్చావో చెప్పు."

నేజా గట్టిగా అరిచింది. "నాకీ పెళ్లి ఇష్టం లేదండీ! నాన్నకు బీడు కావాలి, నేను ఊ అన్నాను!"

గుమ్మం విచ్చుకుంది. నేజా లోపలికి పడి, లేచి, నవ్వేసింది. అకార్డియన్ ఆగిపోయింది.

"పరువు తీశావు కదే!" అని బ్లాజ్ తల పట్టుకున్నాడు.

అందరి చూపూ మతీయా మీదికి తిరిగింది. అతను టోపీ తీసి అడుగు వేశాడు. భుజాలు రాళ్ల మధ్య బిగుసుకున్నాయి.

"నేనూ ఒక అబద్ధం ఆడాను," అన్నాడు. "ఇందాక ఇంటి దగ్గర 'ఈమె కాదు' అన్నాను. అదే."

గుమ్మం అతన్ని వదిలింది. లోపల ఉర్షా కొవ్వొత్తులు కింద పెట్టేసింది.

"మీకందరికీ మతిపోయింది! ఈ వయసులో నాకెందుకయ్యా పెళ్లి? పొయ్యి మీద పులుసు మాడిపోతోంది, తప్పుకోండి!" అంటూ ఆమె బయటికి పరుగెత్తింది. ఇందాక మూటతో సహా దూరిన గుమ్మం ఇప్పుడు ఆమె నడుము పట్టుకుంది. పెనుగులాడితే మూట చిరిగి గడ్డి రాలింది.

"చెప్పేయ్ అత్తా!" అని నేజా చప్పట్లు కొట్టింది.

"చెప్పేయమ్మా," అన్నాడు మెట్టు మీది గ్రెగర్. "బయట చాలా చలి. నాకు తెలుసు."

ఉర్షా ఆ రాయి మీద చెయ్యి ఆనించింది. "ఇష్టమే," అంది మెల్లగా. తర్వాత అందరికీ వినబడేలా అంది: "ఇష్టమే!"

గుమ్మం బారెడు తెరుచుకుంది. ఎదురుగా దిగువకు పోయే దారి, ఇంటి పొగ, మేస్తున్న ఆవులు. ఎవరూ అడ్డు లేరు.

ఉర్షా కొంగుతో ముఖం మీది మసి తుడుచుకుని, లోపలికి తిరిగింది.