వడ్డించే చెయ్యి

నెయ్యి గిన్నె చేతిలో పట్టుకునే సరోజమ్మ మరోసారి గది తలుపు సందులోంచి తొంగిచూసింది. పంజరంలో బూందీ నిన్న మధ్యాహ్నం ఎక్కి కూర్చున్న పై పుల్ల మీదే, గోడవైపు ఒదిగి కూర్చుని ఉంది. తల మీది పసుపు కుచ్చు వెనక్కి అణిగిపోయింది. కింద తెల్ల గిన్నెలో పొద్దున పెట్టిన కొర్రలు, సన్నగా తరిగిన కొత్తిమీర, ఉడికించిన పెసలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొత్తిమీర మాత్రం కాస్త వడిలింది.

"ఆంటీ, నెయ్యి" అని హాల్లోంచి ఎవరో పిలిచారు. ఆమె తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి బల్లల మధ్యకు నడిచింది.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో ఉన్న ఆ మెస్సుకు మధ్యాహ్నమయ్యేసరికి ఊపిరాడదు. ఆఫీసుల నుంచి గుంపులుగా వచ్చిన పిల్లలు మెడలోని ఐడీ కార్డులు పప్పుచారులో మునగకుండా చొక్కా జేబుల్లోకి తోసుకుని కూర్చుంటారు. వాళ్లలో ఎవరికి కందిపొడి ఘాటు పడదో, ఎవరు వంకాయ కూర వద్దని చెప్పి పక్కవాడి కంచంలోంచి తింటారో సరోజమ్మకు తెలుసు. వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాళ్ల వేళ్ల సందులోంచి కూడా ఆమె ఒక గరిటె వెయ్యగలదు. "అన్నం సగంలో లేవకూడదు నాయనా, ఇంకొంచెం" అంటుంది. తన చేతి కింద కూర్చున్న మనిషి ఆకలితో లేచాడన్న మాట ఆమె ఇంతవరకూ పడలేదు.

సన్నటి మనిషి. ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త కిందికి ఉంటుంది. ఏళ్ల తరబడి బకెట్టు మోసిన వైపు అది. కుడి చూపుడు వేలి మీద గరిటె కాడ ఒరుసుకున్న చోట నున్నటి కాయ కాసింది. తణుకు దగ్గర పల్లెలో, పరికిణీ కట్టుకునే వయసులో, పెళ్లి బంతుల్లో గ్లాసులకు నీళ్లు పోయడంతో మొదలైన పని. తర్వాత వంటమేస్త్రీని చేసుకుని అతని వెంట పందిరి నుంచి పందిరికి తిరిగింది. అతను పోయాక, తమ ఊరివాడైన కామేశ్వరరావు ఇక్కడ మెస్సు పెడుతూ రమ్మంటే వచ్చింది. అప్పటికి ఈ సందు చివర ఇంకా బండరాళ్లు ఉండేవి. ఇప్పుడు వాటి చోట అద్దాల మేడలు ఉన్నాయి. ఆమె గది మాత్రం అదే, హాలు వెనక, ఒక కిటికీతో.

"ఆంటీ, మీవాడు తిన్నాడా?" కంచం ముందుకు జరుపుతూ అడిగాడు అవినాష్. రోజూ వచ్చే కుర్రాడు.

"లేదు నాయనా. నీళ్లు రెండు చుక్కలు తాగింది, అంతే."

"పచ్చిమిర్చి పెట్టారా? చిలకలు మిర్చి తింటాయిగా."

"పెట్టాను. జామకాయా పెట్టాను. దానిమ్మ గింజలు ఒలిచి పెట్టాను. దాని మొహం చూస్తే, అల్లుడిగారిలా అలిగి కూర్చుంది."

"అయితే బంగారు ఉంగరం పెట్టాలి ఆంటీ."

బల్లంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, అదే అదనుగా అతని కంచంలో ఇంకో గరిటె ముద్దపప్పు వేసేసింది.

బూందీ జ్యోత్స్న పెంచిన పక్షి. జ్యోత్స్న ఎదురు వీధిలో ఒంటిగది అద్దెకు తీసుకుని ఉంటూ, రాత్రిళ్లు ఇక్కడే తినే అమ్మాయి. ఉద్యోగం పుణెకు మారింది, అక్కడ కంపెనీ ఇచ్చిన వసతిలో పక్షుల్ని ఉండనివ్వరు. పోయిన వారం ఇదే హాల్లో "ఎవరైనా పెంచుకుంటారా?" అని ఫోన్లో ఫొటో చూపించింది. బూడిదరంగు ఒళ్లు, పసుపు మొహం, చెంపల మీద బూందీ గింజల్లా రెండు గుండ్రటి నారింజ మచ్చలు. ఆస్ట్రేలియా చిలుక జాతి అట. మన రామచిలుకను ఇంట్లో పెట్టుకోవడం నేరం గానీ దీన్ని పెంచుకోవచ్చట. మజ్జిగ జగ్గుతో పక్కన నిలబడి ఉన్న సరోజమ్మ నోట్లోంచి "నాకిస్తావా అమ్మా?" అన్న మాట వచ్చేసింది. వచ్చాక ఆమే ఉలిక్కిపడింది. ఆ నోటితో 'ఇంకొంచెం వెయ్యనా' అని లక్షసార్లు అని ఉంటుంది గానీ 'నాకు' అన్నది ఎప్పుడో ఆమెకే గుర్తు లేదు.

నిన్న జ్యోత్స్న పంజరంతో సహా తెచ్చి ఇచ్చి వెళ్లింది. ఈ పొద్దున ఫోన్ చేసింది. "ఆంటీ, చిన్న పిట్ట కదా, ఇంతసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదంట. డాక్టర్ని అడిగాను. సాయంత్రానికి తినకపోతే తీసుకెళ్లిపోతాను. కోకాపేటలో ఒకాయన దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి, వాటితో కలిసిపోతుంది. మీరేమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందమ్మా, అది బతకాలి గదా" అంది సరోజమ్మ. ఫోను పెట్టేశాక గిన్నె కడిగి మళ్లీ కొత్తగా పెసలు పెట్టింది.

చివరి బంతి లేచేలోపు ఇంకోసారి ప్రయత్నించింది. జ్యోత్స్న చెప్పినట్టు ఉప్పూ నూనే తగలకుండా ఉడికించిన క్యారెట్టు ముక్క రెండు వేళ్లతో పట్టుకుని, పంజరం పై తలుపు తీసి, "ఒక్కటంటే ఒక్కటి నాన్నా, నా మీద ఒట్టు" అంటూ చెయ్యి లోపలికి దించింది. బూందీ పాములా బుస్సుమంది. రెక్కలు కొట్టుకుంటూ పుల్ల మీది నుంచి జారి, ఊచలకు తగిలి, మూలకు పోయి ముడుచుకుంది. ఒక చిన్న బూడిద ఈక గాల్లో తేలుతూ వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది.

"ఏంది అక్కా, గట్ల జేస్తవ్?" గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉంది ఈరమ్మ. గిన్నెలు తోమేది, వంటిల్లు కడిగేది ఆమే. జోగిపేట నుంచి వచ్చి కొండాపూర్‌లో ఉంటోంది. "గిది చిలుకనా అసలు? పిచ్చుకకు కిరీటం బెట్టినట్టున్నది. జర ఇడిసిపెట్టు దాన్ని. ఆకలైతే అదే తింటది."

"నిన్నటి నుంచీ ఆకలి వెయ్యలేదా దానికి?"

"అయితున్నది. నువ్వు మీదికెళ్లి ఉరుకుతున్నవ్. నా పెండ్లి రోజు మా అత్త గిట్లనే నిలబడ్డది నెత్తి మీద. ఒక్క బుక్క లోపటికి పోలే."

"పోవే" అంది సరోజమ్మ. కానీ క్యారెట్టు ముక్కను గిన్నెలో వదిలి, పంజరం తలుపు మూసేసింది.

ఆమె భోజనం ఎప్పుడూ అందరిదీ అయ్యాక. గ్రైండరు మూలన గోడకు ఆనుకుని, కంచం ఎడమ చేతిలో పట్టుకుని నిలబడే తింటుంది. నాలుగు ముద్దలు గబగబా మింగి చెయ్యి కడుక్కుంటుంది. వడ్డించేవాళ్లు తినడం తినేవాళ్ల కంట పడకూడదని చిన్నప్పుడు బంతుల్లో పెద్దవాళ్లు చెప్పారు. ఆ పెద్దవాళ్లు పోయారు, ఆ బంతులూ పోయాయి. అలవాటు మాత్రం గ్రైండరు మూలన మిగిలింది.

ఈవేళ ఆ మూల కూడా లేదు. శుక్రవారం కాబట్టి ఈరమ్మ వంటిల్లంతా బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తోంది. "ఆడికి పో అక్కా, ఈడ జారుతది" అని చీపురుతో తరిమింది. సరోజమ్మ కంచంలో అన్నం, పప్పుచారు, కాస్త వంకాయ కూర పెట్టుకుని గదిలోకి వచ్చింది. ఆనుకుందామంటే ఒక గోడకు మంచం, ఒక గోడకు పెట్టె. ఉన్న ఒక్క స్టూలు మీద పంజరం. మోకాళ్లు కూడా లాగుతున్నాయి. చివరికి గచ్చు మీద చతికిలబడి కంచం ఎదురుగా పెట్టుకుంది. ఆ కూర్చోవడంలో ఆమె తల పంజరంలోని పై పుల్ల కన్నా కిందికి వచ్చింది. పక్షి ముందైనా తినడం సిగ్గనిపించి, సగం కిటికీ వైపు తిరిగి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

రెండో ముద్ద నములుతుండగా వెనక చిన్న చప్పుడైంది. గోరుతో గోరు గిల్లినట్టు. టిక్.

ఆమె నమలడం ఆపింది. చప్పుడూ ఆగింది.

మెడ తిప్పకుండా కంటి చివర్లోంచి చూసింది. బూందీ కింది పుల్ల మీదికి దిగి ఉంది. గిన్నె అంచు మీద ఒక కాలు వేసి, ఆమె దవడ వైపే చూస్తోంది. సరోజమ్మ మెల్లిగా నమిలింది. పక్షి తల గిన్నెలోకి వంచింది. టిక్. ఒక కొర్రగింజ పొట్టు ఊచల సందులోంచి ఎగిరి గచ్చు మీద పడింది. ఆమె ఆగితే అది తలెత్తుతుంది. ఆమె ముద్ద కలిపితే అది కొత్తిమీర రెబ్బ లాగుతుంది. బంతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల్లా, ఒకరు మొదలుపెట్టందే ఒకరు ముట్టడం లేదు.

ఎప్పుడూ లేనిది, సరోజమ్మ నెమ్మదిగా తినసాగింది. నెమ్మదిగా తింటే పప్పుచారులో బెల్లం తగిలింది. రోజూ తాను బకెట్లకు బకెట్లు పోసే చారే అది. ఇంత బాగుంటుందని తెలియదు. వంకాయ తొడిమ చప్పరించింది. అటు బూందీ క్యారెట్టు ముక్కను కొరికి, నచ్చక పడేసి, మళ్లీ కొరికింది. తల మీది కుచ్చు సగానికి లేచి నిలబడింది.

ఇంతలో కంచం ఖాళీ అయింది. బూందీ గిన్నెలోంచి తలెత్తి, ఏమైందన్నట్టు చూసింది.

"ఈరమ్మా" గొంతు పెంచకుండా పిలిచింది. "ఈరమ్మా, ఇంకొంచెం అన్నం పట్టుకురావే."

వంటింట్లో చీపురు ఆగింది. "ఏందీ? ఎవలికి?"

"నాకే."

ఈరమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, అన్నం బకెట్టుతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. సరోజమ్మ వేలు పెదవి మీద పెట్టి పంజరం వైపు కళ్లతో చూపించింది. ఈరమ్మ గోడ వెంట మెల్లగా వచ్చి వంగింది. గరిటె పట్టుకున్న చెయ్యి పై నుంచి దిగింది. గచ్చు మీద కూర్చుని కిందినుంచి చూస్తే ఆ చెయ్యి చాలా పెద్దగా ఉంది. సరోజమ్మ తనకు తెలియకుండానే కొంచెం వెనక్కి జరిగింది.

"మెల్లిగా వెయ్యవే" అంది. తర్వాత పంజరం పై తలుపు వైపు చూసి, "అదీ సంగతి" అని తనలో తాను గొణుక్కుంది.

"సాల్నా? ఇంకో గంటె ఎయ్యనా?" గుసగుసగా అడిగింది ఈరమ్మ.

"చాలు చాలు."

"గదేం తిండి. నిండగ తినాలె" అని ఈరమ్మ, అడ్డం పెట్టిన వేళ్ల సందులోంచి ఇంకో గరిటె వేసింది. ఎక్కడ నేర్చిందో అడగాల్సిన పని లేదు. వెళ్లి నెయ్యి గిన్నె కూడా తెచ్చింది.

హాల్లోంచి కామేశ్వరరావు కేక వినిపించింది. "సరోజమ్మా, బజ్జీల పిండి కలిపావా?"

ఈరమ్మ గుమ్మంలోంచే జవాబిచ్చింది. "సరోజక్క తింటున్నది సారూ."

ఆ మెస్సు పుట్టినప్పటి నుంచీ ఆ మాట అందులో ఎవరూ అన్నట్టు లేదు.

"తింటోందా?" అన్నాడు కామేశ్వరరావు. చెప్పులు విడిచి, బొజ్జ మీద తుండు సర్దుకుంటూ వచ్చి ఈరమ్మ భుజం మీదుగా చూశాడు. గచ్చు మీద మనిషి, స్టూలు మీద పక్షి, ఇద్దరి మధ్యా పొట్టు. "తిననీ, తిననీ. పిండి నేను కలుపుతాలే" అని వచ్చినంత మెల్లిగా వెళ్లాడు. ఆ సాయంత్రం బజ్జీల్లో ఉప్పు ఎక్కువైంది గానీ ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దు వాలే వేళకు జ్యోత్స్న వచ్చింది. ఒక చేతిలో చిన్న తలుపున్న వెదురు బుట్ట. పక్షిని తీసుకువెళ్లడానికి, లోపల పాత టవలు మడతపెట్టి పరిచింది. బయట సందులో క్యాబ్ ఆగి ఉంది. కోకాపేట వెళ్లి, అక్కడి నుంచి బస్సు ఎక్కాలి. ఆమె కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

గుమ్మం దగ్గర బుట్ట దించి, లోపలికి చూసి ఆగిపోయింది.

సరోజమ్మ ఈసారి కంచంలో రెండు అటుకులు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం తిన్నది అరిగితే గదా ఇంకో భోజనం. బూందీ గిన్నె అంచు మీద నిలబడి పెసలు ఒలుస్తోంది. కుచ్చు నిటారుగా ఉంది.

"నా దగ్గరా ఇలాగే ఉండేది ఆంటీ" అంది జ్యోత్స్న చాలా చిన్నగా. "నేను పగలు గదిలో డెస్క్ దగ్గర కాల్‌లో ఉండి తింటూ ఉంటే పక్కనే కూర్చుని తినేది. దానికి తోడు కావాలని నాకెప్పుడూ తట్టలేదు. నేనొక్కదాన్నే తింటున్నాననుకునేదాన్ని."

"రామ్మా, నువ్వూ కూర్చో. రెండు ముద్దలు తిని వెళ్దువుగాని."

"బస్సుకి టైమైపోతుంది ఆంటీ."

"పెరుగన్నం పొట్లం కట్టించాను, ఈరమ్మ దగ్గరుంది. దార్లో తిను. ఫోను చూసుకుంటూ కాదు."

జ్యోత్స్న నవ్వింది. చెంపలు తుడుచుకుంది.

"పిలవనా దాన్ని? ఒకసారి చూసిపో."

"వద్దులేండి, తింటోంది కదా" అంది జ్యోత్స్న. కాసేపు నిలబడింది. ఆ తర్వాత అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వెనక్కి నడిచి, వెళ్లిపోయింది. సందులో క్యాబ్ తలుపు పడిన చప్పుడుకు బూందీ ఒకసారి తలెత్తింది. సరోజమ్మ ఒక అటుకు నోట్లో వేసుకుని గట్టిగా నమిలింది. అది మళ్లీ గిన్నెలోకి వంగింది.

హాల్లో రాత్రి భోజనాలకు దీపాలు వెలిగించారు. గుమ్మం పక్కన వెదురు బుట్ట దించిన చోటే ఉండిపోయింది. దాని చిన్న తలుపు తెరిచే ఉంది, లోపలి టవలు మడత చెదరలేదు.