తాయారమ్మ జుట్టు వాలినవైపు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పులేసుకోండి. కథ సగంలో లేచి "అదెలా కుదురుతుందండీ" అని గొణిగేవాళ్ళంటే కథకీ గిట్టదు, చెప్పేవాడికీ గిట్టదు. ఉండేవాళ్ళు కాళ్ళు బారజాపుకుని కూర్చోండి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా తెనాలి కాలువలు మూడూ వెనక్కి పారాలి. ఇవాళ పొద్దున కూడా ముందుకే పారుతున్నాయి, కావలిస్తే వెళ్ళి చూసుకోవచ్చు.

తెనాలి గంగానమ్మపేటలో మంగతాయారు గారు ఆ రోజుల్లో తెల్లారకముందే లేచేది. డికాక్షన్ దించేది, స్నానం చేసేది, జాకెట్టులో ఎడంవైపు తను కుట్టుకున్న దూది ముద్ద సర్దుకునేది, దేవుడి దగ్గర దీపం పెట్టేది. ఆ తర్వాత వీధరుగు మీద నిలబడి, తడి జుట్టు విరబోసి, అది ఎటు వాలుతుందో చూసుకునేది. పాలవాడు సరిగ్గా అప్పుడే వచ్చేవాడు.

"ఇవాళ ఎటమ్మా?"

"మార్కెట్టు వైపు నాయనా."

"అయితే మా చిన్నమ్మని ఓసారి చూపించుకోమంటాను," అని పాలు పోసి వెళ్ళిపోయేవాడు.

ఆ జుట్టు సంగతి మొదట్నుంచీ చెప్పాలి. మంగతాయారు గారికి రొమ్ము కాన్సరు వచ్చింది. మామూలు మనిషైతే మంచం పట్టేది. ఈవిడ ఆపరేషను బల్ల మీద కూడా స్వామి నామాలు ఆపలేదు. మత్తు సూది గుచ్చాక కూడా పెదాలు ఆడుతూనే ఉన్నాయి, అవి పూర్తయ్యేదాకా అంత పెద్ద సర్జనూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే ఆవిడ మొక్కుకుంది: గట్టెక్కితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి తలనీలాలిస్తానని. గట్టెక్కింది. కానీ మొక్కు తీర్చేలోపే కీమో పెట్టారు. స్వామికి ఇద్దామనుకున్న జుట్టంతా దిండు మీదా, స్నానాల గదిలోనూ రాలిపోయింది.

"స్వామే వచ్చి తీసుకున్నాడనుకోవే, సరిపోతుంది," అన్నాడు ఆమె భర్త సాంబశివరావు.

"దిండు మీద రాలింది రోగం తీసుకున్నదండీ. నేనిచ్చినట్టెలా అవుతుంది? మళ్ళీ రానివ్వండి, చేత్తో ఇస్తాను."

మళ్ళీ వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? ఒకప్పుడు ముగ్గుబుట్టలా ఉండే తల కాకిరెక్కలా నల్లబడి, ఉంగరాలు తిరిగి, చూస్తూండగా భుజాలు దాటింది. గాలి లేకపోయినా కోతకొచ్చిన వరిచేనులా ఒక పక్కకి వాలేది. అటువైపు ఎక్కడో ఒకామె ఒంట్లో గడ్డ పెట్టుకుని, ఇంట్లో చెప్పకుండా తిరుగుతోందన్నమాట. మొదట పూలకొట్టు సుగుణమ్మ మీద వాలింది. సుగుణమ్మ ఆ నొప్పిని గుండెల్లో మంట అనుకుని జీలకర్ర నములుతోంది. ఆస్పత్రికి వెళ్ళింది, వేళకి బయటపడింది, మళ్ళీ కొట్లో కూర్చుని మాలలు కడుతోంది. ఆ తర్వాత ఊరికి అలవాటైపోయింది. తాయారమ్మ ప్రదక్షిణాలు చేస్తుంటే పూజారి గారు "కొంచెం నెమ్మదిగానమ్మా, వెనకవాళ్ళ కళ్ళకి తగులుతోంది" అనేవాడు, అంతే. వేమూరు నుంచి, చేబ్రోలు నుంచి ఆడవాళ్ళొచ్చి, కూరగాయలు కొనడానికొచ్చినట్టు ఆమె పక్కన కాసేపు నిలబడి వెళ్ళేవాళ్ళు.

ఒక్కటే లోపం. ఆ జుట్టు లోకంలో అందరి సంగతీ చెప్పేది, మంగతాయారు సంగతి చెప్పేది కాదు. సొంత తల మీది వెంట్రుక సొంత ఒంటివైపు ఎలా వాలుతుంది? అందుకే ఆమెకి కుదురుండేది కాదు. కూర్చున్న కుర్చీలోంచి లేచేది, లేచినచోట నిలబడలేకపోయేది. చెకప్పు దగ్గర పడేకొద్దీ ఉన్న బట్టలే మళ్ళీ ఉతికేది. ఆమె నడకకి అరుగు నాపరాళ్ళు అద్దాల్లా అరిగిపోయాయి.

పైగా ఇంట్లో ఈ పోరు.

"ఏమేవ్, మోపిదేవి ఎప్పుడు?"

"వెళ్దాం లెండి. ఇంకాస్త పెరగనీండి."

"ఇంకాస్త పెరిగితే జడకుచ్చులు కూడా స్వామికే కొనాలి. మొక్కు మురగబెట్టకూడదే."

"ఇచ్చేస్తే ఊళ్ళో ఆడవాళ్ళకి ఎవరు చెబుతారు?"

"నువ్వు పుట్టకముందు ఎవరు చెప్పారో వాళ్ళే చెబుతారు."

ఇలా ఉండగా జుట్టు ఒక్క పక్కకే వాలడం మొదలుపెట్టింది. పొద్దున వాలింది, సాయంత్రం వాలింది, జడేసి పిన్నులు గుచ్చితే పిన్నులు ఊడదోసుకుని మరీ వాలింది. నైరుతికి. నైరుతిలో పొన్నూరు, అది దాటితే బాపట్ల. బాపట్లలో కూతురు చంద్రిక ఉంది. మంగతాయారు పొయ్యి మీది గిన్నె దించేసి ఫోన్ అందుకుంది.

ఫోన్లో పోరి పోరి చంద్రికని స్కానింగుకి పంపింది. ఏమీ లేదన్నారు. మళ్ళీ పంపింది. మళ్ళీ ఏమీ లేదన్నారు.

"అమ్మా, ఇంకా ఇటే వాలుతోందంటే దానికి నూనె చాల్లేదేమో. ఓసారి తలంటుకో," అంది చంద్రిక.

తలంటుకుంది. కుంకుడు నురుగుతో సహా బాపట్ల వైపే వాలింది. ఇక ఆగలేక చేతిసంచీ పట్టుకుని బండెక్కింది.

చంద్రిక గుమ్మంలోకి రాగానే మంగతాయారు కళ్ళు మూసుకుంది. జుట్టు కూతురి భుజం రాసుకుంటూ పక్కనుంచి పోయింది. మనవరాలు గీతిక దాన్ని పట్టుకుని చూసింది.

"అమ్మమ్మా, ఇది అమ్మని చూడట్లేదు. గోడవైపు చూస్తోంది."

మంగతాయారు హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం సిగ్గుపడింది. తన కూతురు కాకపోతే మరొకరి కూతురేగా. కాఫీ కూడా తాగకుండా వీధిలో పడింది. పలుపు లాగితే గేదె వెళ్ళినట్టు జుట్టు వెనకాలే వెళ్ళింది. రథం బజారు దాటింది. సైకిలు మీద ఎదురొచ్చినాయన దిగి, జుట్టుకి దారిచ్చి, మళ్ళీ ఎక్కాడు. చర్చి వెనక సందు మొదట్లో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఆ సందు ఆమెకి తెలుసు. రిబ్కా ఉండే సందు.

రిబ్కా బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. కీమో గదిలో ఇద్దరి కుర్చీలూ పక్కపక్కన. ఒకరు స్వామి నామాలు, ఒకరు కీర్తనలు, వాంతికి మాత్రం ఇద్దరికీ ఒకే బక్కెట్టు. జబ్బు తగ్గాక రిబ్కా ఇంటిముందు పందిరేసి కృతజ్ఞత కూటం పెట్టింది. మంగతాయారు తెనాలి నుంచి వచ్చి, బిరియానీ గిన్నె మూత తీసినప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండు అరటిపళ్ళు తిని, చివరిదాకా కూర్చుంది. ఈమధ్య మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా రిబ్కా "ఊళ్ళో లేనక్కయ్యా" అంటోంది.

తలుపు తీసింది రిబ్కాయే. మనిషిని కాదు, ముందు జుట్టుని చూసింది.

"రా అక్కయ్యా. దానికి ముసుగేసుకుని రా."

మంగతాయారు తలమీద కొంగు కప్పుకుంది. కొంగు కింద జుట్టు వేలు చూపించినట్టు నిక్కి నిలబడింది.

"ఎన్నాళ్ళయింది రిబ్కా?"

"ఏంటి ఎన్నాళ్ళు?"

"నా దగ్గర కూడానా?"

రిబ్కా వీధి తలుపు గడియ వేసింది. "వానలకి ముందు తగిలింది. చంక కింద, ఉసిరికాయంత."

"మరి చెకప్పుకి వెళ్ళలేదూ?"

"ఎలా వెళ్ళను? పందిట్లో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాను, నా ప్రభువు పూర్తిగా నయం చేశాడని. స్త్రీల సమాజం వాళ్ళంతా లేచి స్తోత్రం చెప్పారు. నా మాట విని మంచాన పడ్డవాళ్ళు లేచి గంజి తాగారు. ఇప్పుడు నేను ఆస్పత్రి మెట్లెక్కితే టీచరుగారికి విశ్వాసం చాల్లేదంటారు. నన్నంటే పడతాను. ఆయన్నంటే?"

"డాక్టరు దగ్గరికెళితే దేవుడు అబద్ధమైపోతాడా?"

"నీకేం అక్కయ్యా, నీ దేవుడికి జుట్టిస్తే చాలు. నేను మాటిచ్చాను."

"ఆ జుట్టు కూడా ఇంకా ఇవ్వలేదులే," అంది మంగతాయారు.

బతిమాలితే వినే మనిషి కాదు రిబ్కా. ఊళ్ళో చెబితే బతికినంతకాలం మొహం చూడదు. మంగతాయారు లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఆమె తిరుగుతున్నంతసేపూ జుట్టు మాత్రం రిబ్కా ఎడమ చంకనే చూస్తోంది.

"మంగళవారం మోపిదేవి వెళ్తున్నాను. తోడు రా," అంది చివరికి.

"నేను గుడికా?"

"గుడి బయట కూర్చో. నీ కూటంలో నేను బిరియానీ వాసన భరించలేదూ? జుట్టు పోయిందంటే నీ జోలికి రాను. నిన్ను పట్టిచ్చేది ఇదేగా."

రిబ్కా మొహంలో చాన్నాళ్ళకి నవ్వొచ్చింది. "అలాగైతే వస్తాను."

తిరుగు బండిలో మంగతాయారు ఒక కిటికీ దగ్గర కుదరక ఇంకో కిటికీకి, అక్కడా కుదరక తలుపు దగ్గరికి మారుతూనే ఉంది. చేతిలో ఉన్న ఒక్క దీపం తనే ఆర్పేస్తానని మాటిచ్చి వచ్చింది. మొక్కు తీరుతుంది. రిబ్కా మాత్రం చేజారుతుంది. జుట్టు పెట్టె చివరిదాకా సాగి బాపట్ల వైపు చూస్తోంది. టీసీ దాని కిందుగా వంగి వెళ్ళి టిక్కెట్లు చూసుకున్నాడు.

మంగళవారం రిబ్కా తెనాలి వచ్చింది. సాంబశివరావుతో కలిసి ముగ్గురూ రేపల్లె బండెక్కారు. వేమూరులో వంకాయల గంపతో ఎక్కినామె జుట్టుకి అటు కూర్చోవాలా ఇటు కూర్చోవాలా అని అడిగి మరీ కూర్చుంది. రేపల్లెలో దిగి ఆటో మాట్లాడుకున్నారు. పెనుమూడి వంతెన మీద కృష్ణ గాలి ఎలాంటిదో తెలుసుగా, ఎద్దుల బండిని పక్కకి జరుపుతుంది. సాంబశివరావు కండువా ఎగిరి ఏట్లో పడింది. ఆ గాలికి ఎదురీది మంగతాయారు జుట్టు రిబ్కా ఒళ్ళో వాలింది.

"ఛీ పో," అని రిబ్కా పిల్లిని తోసినట్టు తోసింది. "దీనికన్నీ నీ బుద్ధులే అక్కయ్యా."

మోపిదేవిలో గుడి ఎదురుగా టీ కొట్టు బల్ల మీద రిబ్కా కూర్చుంది. మంగతాయారు తలనీలాలు తీసేచోటికి వెళ్ళి పీట మీద కూర్చుంది. మంగలి తల తడిపాడు. కత్తి తగిలే ముందు ఆమె చేతులు జోడించింది.

"స్వామీ, ఇస్తానన్నది ఇస్తున్నాను. ఇచ్చాక ఇది నాది కాదు, నీది. నీ సొమ్ము ఎటు పంపుకుంటావో నీ ఇష్టం."

కత్తి పడింది. జుట్టు పాయలు పాయలుగా ఒళ్ళోంచి నేల మీదికి జారింది. కాసేపు అలాగే పడుంది. మంగతాయారు దాన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు ఒక పాయ కదిలింది. దాని వెనక ఇంకోటి. చీమల బారులా కలుసుకుని, తడి నేల మీద జరుగుతూ గుమ్మం వైపు సాగాయి. వరసలో ఉన్నవాళ్ళు కాళ్ళెత్తి దారిచ్చారు. పుట్టువెంట్రుకలకి వచ్చిన పసివాణ్ణి తల్లి చంకనెత్తుకుంది. కొబ్బరికాయలాయన బుట్ట పక్కకి జరిపాడు. రోడ్డు మీద ఆర్టీసీ బస్సు బ్రేకేసింది, జుట్టు ఇవతలి నుంచి అవతలికి దాటేదాకా ఆగి, హారను కొట్టకుండా కదిలింది.

జుట్టు టీ కొట్టు బల్ల ఎక్కింది. రిబ్కా ఒళ్ళోకి, ఒళ్ళోంచి కొంగు మీదికి పాకింది. ఎడమ చంక కిందికి చేరి, పాలు తాగిన పిల్లికూనలా ముడుచుకుని పడుకుంది.

రిబ్కా చేతిలో టీ మీద మీగడ కట్టింది. ఈసారి తొయ్యలేదు. "అమ్మా, జుట్టు టీలో పడకుండా చూసుకోండి," అంది కొట్టామె.

మంగతాయారు నున్నటి గుండుకి గంధం పూసుకుని రోడ్డు దాటి వచ్చింది.

"నా జోలికి రానన్నావు," అంది రిబ్కా.

"వచ్చింది నేను కాదు, నా తల చూసుకో. అది ఇచ్చేశాను. నాది కాదు."

రిబ్కా చంక కింద చెయ్యి పెట్టి ఆ జుట్టుని నిమిరింది. "మన తల వెంట్రుకలు కూడా ప్రభువు లెక్కపెట్టి ఉంచుతాడని పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. లెక్కపెట్టి ఏం చేస్తాడో నేనే అడగలేదు." లేచి, జుట్టంతా చేతిరుమాల్లోకి తీసి మూటగట్టి, తలనీలాలు తీసేచోటి గడప దాకా వెళ్ళి మంగలి చేతికిచ్చింది. "గుడి సొమ్ము బాబూ, నా దగ్గరెందుకు?"

వెనక్కొచ్చి బల్ల మీద కూలబడింది. "రేపు ఆస్పత్రికి నువ్వూ రావాలి. అదే బక్కెట్టు."

"నాకూ చెకప్పు ఉందిలే," అంది మంగతాయారు.

ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే రిబ్కాకి చెయ్యగలిగింది ఉండేది కాదన్నాడు డాక్టరు. ఆ యేడు క్రిస్మసుకి రిబ్కా ఉంది. గుండు మీద ముసుగేసుకుని చర్చిలో మైకు పట్టుకుంది. "పూర్తిగా నయమైందని ఇవాళ చెప్పను. వెళ్ళనని మొండికేస్తే జుట్టు పట్టుకుని లాక్కెళ్ళాడు, అదే నా సాక్ష్యం," అంది. మరుసటి వారం స్త్రీల సమాజంలో సగం మంది పరీక్షలకని గుంటూరు బస్సెక్కారు. బస్సులో పాడిన పాటలకి దారిపొడుగునా చేలల్లో కొంగలు లేచాయి.

మంగతాయారు జుట్టు మళ్ళీ వస్తోంది. తెల్లగా, నిటారుగా, అందరి జుట్టులాగే. ఎటూ వాలదు. అయినా పొద్దునే తడితలతో అరుగు మీద నిలబడుతుంది. "ఇవాళ ఎటమ్మా?" అని పాలవాడు అడుగుతాడు. "అన్నివైపులా నాయనా. అందర్నీ చూపించుకోమను," అంటుంది. అని, అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంది. అవును, కూర్చునే.

ఇంకా నమ్మకం కుదరలేదూ? పెనుమూడి వంతెన దాటి మోపిదేవి వెళ్ళండి. గుడి ఎదురుగా టీ కొట్టుంది. ఆ రోజు జుట్టు పాకిన బల్లని ఆ కొట్టామె ఇంకా మార్చలేదు. అడగండి, చెబుతుంది. పేరు కాంతమ్మ.