నీలవేణి జ్వరం

నీలవేణి పోయి నెల దాటింది. ఆమె జ్వరం మాత్రం ఇంకా మంచం దిగలేదు.

తల్లి చిలకమ్మ పొద్దున్నే నులక మీద చెయ్యి పెట్టి చూస్తుంది. పిల్ల తల ఆనిన చోట వేడి ఎక్కువ, కాళ్లు చాపిన చోట కాస్త తక్కువ. పిల్ల ఉన్నప్పుడు, ఈ జ్వరం తగ్గితే కోడిని కోస్తానని అమ్మవారికి మొక్కుకుంది. ఇప్పుడు తగ్గకుండా ఉంటే రెండు కోస్తానని మొక్కు మార్చింది. అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది, ఎటూ తేల్చుకోలేక ఊరుకుంది.

వాళ్ల ఊరున్న కొండ మీద చలి ఎముకలు కొరికేస్తుంది. కరెంటేమో కింద నుంచి ఎక్కి వచ్చేసరికి ఆయాసపడుతుంది, ఆ ఆయాసానికి కూడా బిల్లు వేస్తారు. అందుకని సాయంత్రమైతే ఇరుగుపొరుగు బియ్యం గిన్నెలు పట్టుకుని చిలకమ్మ ఇంటికి వస్తారు. మంచం మీద పెడితే అన్నం ఉడుకుతుంది. తల వైపు చోటు కోసం చిన్న చిన్న తగాదాలు కూడా అవుతాయి. చిలకమ్మ ఎవరినీ కాదనదు. పిల్ల పక్కన నలుగురు కూర్చున్నట్టే ఉంటుంది ఆమెకు.

పొరుగింటి దాలమ్మ మంచి మనసుతోనే కొంప ముంచుతుంది. కరెంటు ఖరీదైన చోట్ల ఆ ఖర్చు తగ్గించినవాళ్లకు సర్కారు పోటీ పెట్టి బహుమతి ఇస్తోందని రేడియోలో విని, చిలకమ్మకు చెప్పకుండా ఆమె పేరు ఇచ్చేస్తుంది. నలుగురూ మెచ్చుకుంటే మనసు తేలికపడుతుందనుకుంటుంది పాపం.

పోటీకి గాలిమరలు చేసినవాళ్లు వస్తారు. తన నీడను ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకునే ముసలాయన వస్తాడు. సర్కారు పంపిన అధికారిణి అందరినీ ఓపికగా చూసి, చివరికి ఈ మంచం పక్కన కూర్చుని, నులకలో థర్మామీటరు దూర్చి, గెలిచింది జ్వరమేనని చెబుతుంది. షరతు ఒక్కటే. గెలిచినదాన్ని తీగ వేసి ఊరందరికీ పంచాలి.

"అందరూ వాడేస్తే అయిపోదేటమ్మా?" అని అడుగుతుంది చిలకమ్మ.

"అయిపోతుంది. జ్వరం తగ్గాలనే కదమ్మా ఎవరైనా కోరుకునేది."

"అప్పుడు పిల్లుంది. ఇప్పుడు నాకు జొరమే ఉంది."

అధికారిణి కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది. ఊళ్లో పసివాళ్లు చలికి నీలుక్కుపోతున్నారని మెల్లగా అంటుంది. అది నిజమే. చిలకమ్మ నులక మీద మరోసారి చెయ్యి పెట్టి చూస్తుంది. తర్వాత లేచి, తీగ కొసను తనే మంచం కోడుకు కడుతుంది.

ఇళ్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి. చిలకమ్మ మంచం మీద పడుకుంటుంది. పిల్ల వెచ్చదనం కాళ్ల వైపు నుంచి తరిగిపోతూ రావడం ఆమె ఒంటికి తెలుస్తూ ఉంటుంది. తల ఆనిన చోట చెంప ఆనించి ఉంచుతుంది. చివరికి అదీ చల్లబడుతుంది. ఆమె గుండె పగిలిపోతుంది. దానికి వేరే మాట లేదు.

లేచి, ఊరు దాటి, కొండ దిగి వెనక్కి చూస్తుంది. జ్వరం వదిలినట్టు కొండకు చెమట పట్టి ఉంది. బండల మీద నుంచి ధారలుగా కారుతోంది. వారాల తరబడి అన్నం ముట్టని ఒళ్లులా అది చిక్కిపోయింది. చిలకమ్మ నేల మీద చతికిలబడి కొండను ఒళ్లోకి తీసుకుంటుంది. బరువే లేదు. దాని మీది ఇళ్లల్లో జనం గిన్నెలు కడుక్కుంటున్నారు, పిల్లలు పాఠాలు చదువుకుంటున్నారు.

కొండ కళ్లు తెరిచి, ఆకలేస్తోందంటుంది. ఆ గొంతు నీలవేణిది కాదు. అయినా చిలకమ్మ దాన్ని గుండెలకు హత్తుకుని, ఏం తింటావని అడుగుతుంది.