ఎదురింటిదాకా వినిపించే గొంతు

బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ ఆమె గొంతును ఎవరూ తప్పుపట్టలేదు. ఇంజను రొద, చంటిపిల్లల ఏడుపులు, సీటు కోసం కీచులాటలు, వీటన్నిటినీ దాటుకుని వెళ్లి, వెనక సీటులో కునికిపాట్లు పడేవాణ్ణి సైతం లేపి దిగాల్సిన చోట దింపిన గొంతు అది. కంచు కంఠం ఉన్న అక్క గనక డిపోలో అందరూ ఆమెను ‘కంచక్క’ అన్నారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “బండి ఆగితేగా!” అనేది.

బండి ఆగాక, అంటే రిటైరయ్యాక, బస్టాండు వెనకున్న అద్దెగది ఖాళీ చేసి చెల్లెలి ఇంట్లో మేడమీదకి మారింది. చెల్లెలు ఏళ్ల తరబడి పిలుస్తూనే ఉంది. “హాయిగా ఉంటుందక్కా, చీమ చిటుక్కుమంటే వినపడుతుంది” అని ఊరించేది కూడా.

ఆ మాట నిజమేనని కంచక్కకి మొదటి రోజే అర్థమైంది. అటొక వరస, ఇటొక వరస ఇళ్లు. గేట్లకి క్రమం తప్పకుండా నూనె పెడతారు కాబోలు, అవి కూడా కిర్రుమనవు. పక్కింటి కుక్క ఒక్కసారి మొరిగి, తప్పు చేసినదానిలా చుట్టూ చూసి పడుకునేది. హారన్ల మోతలో గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషికి ఇక్కడ మధ్యాహ్నం పూట కన్ను మూతపడలేదు. ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు అనిపించేది.

“ఇక్కడ మనుషులున్నారా, లేక ఇళ్లకి తాళాలేసి ఎటైనా పోయారా?” అని చెల్లెల్ని అడిగింది.

“అక్కా, మెల్లగా! అందరూ నెమ్మదస్తులు.”

“మెల్లగానే అన్నానుగా!”

“నువ్వు మెల్లగా మాట్లాడితే పక్క వీధికి వినపడుతుంది. గట్టిగా మాట్లాడితే పక్క ఊరికి వినపడుతుంది” అంది చెల్లెలు నవ్వుతూనే. కానీ నవ్వుతూనే వెళ్లి కిటికీ మూసేసింది. ఆ కిటికీ మూయడం కంచక్కకి ముల్లులా గుచ్చుకుంది.

సాయంత్రాలు మాత్రం ఆమెవే. టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, తనతో పాటు అదే రూటులో పనిచేసిన డ్రైవరుకి ఫోను చేసేది. ఇద్దరూ ఒక్కనెలలోనే రిటైరయ్యారు. డ్రైవరు ఇప్పుడు మనవరాలికి కారు నేర్పుతున్నాడు. ఆ పిల్ల రెండుసార్లు పరీక్షకి వెళ్లి లైసెన్సు రాక తిరిగొచ్చింది.

“ఏమన్నా, రివర్సులో మళ్లీ గేటుని గుద్దిందా? గేటుదే తప్పంటోందా! నువ్వు పక్కన కూర్చుని అరుస్తుంటే ఎవరు మాత్రం నేర్చుకుంటారు? నీకు నేర్పినప్పుడు మీ గురువుగారు అరిచారా? ఏంటీ, కొట్టాడా? అయితే సరే!”

ఇలా మాట్లాడుతుండగానే ఎదురింటి మేడమీద కిటికీ రెక్క తెరుచుకునేది. అందులోంచి తెల్లటి జుట్టు, చత్వారపు కళ్లద్దాలు, వాటి వెనక ముడిపడిన కనుబొమలు కనిపించేవి. ఆ పెద్దావిడ ఊచలు పట్టుకుని, ముందుకు వంగి, రెప్పవేయకుండా కంచక్కనే చూసేది. మొదటిరోజు కంచక్క చెయ్యి ఊపింది. పెద్దావిడ ఊపలేదు. రెండోరోజు నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. మూడోరోజు ఆ చూపు మరీ గుచ్చిగుచ్చి ఉండేసరికి, కంచక్క “ఉంటానన్నా” అని ఫోను పెట్టేసి లోపలికి వచ్చేసింది.

‘నా గోల భరించలేక కళ్లతోనే కాల్చేస్తోంది, మహాతల్లి’ అనుకుంది.

ఆ తర్వాత ఫోను లోపలి గదిలోంచి, అదీ తలుపు మూసుకుని చేసింది. గుసగుసగా మాట్లాడటం ఆమెకి చేతకాదు. మాట సగంలో దగ్గు వచ్చేది. డ్రైవరుకేమో ఏమీ వినపడక, “ఒంట్లో బాగాలేదా?” అని కంగారుపడేవాడు. దాంతో ఫోను కూడా మానేసింది. కింద భోజనానికి దిగినా ‘ఊ’, ‘ఉహూ’లతో సరిపెట్టుకుంది. చెల్లెలు ‘అక్క అలవాటుపడింది’ అని సంతోషించింది గాని, అక్క పాతగది యజమానిని ఆ గది ఇంకా ఖాళీగానే ఉందా అని వాకబు చేసిన సంగతి ఆమెకి తెలియదు. ఖాళీగానే ఉందట. ‘ఆదివారం లోపల చెప్తాను’ అంది కంచక్క.

శుక్రవారం సాయంత్రం ఎదురింటి పెద్దావిడ కూతురు గేటు తీసుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి, లైబ్రరీలో పని. ఆమెను చూడగానే కంచక్క కొంగు బిగించింది. మాట పడటం కొత్తకాదు గాని, ఈసారి నోరెత్తకుండా పడాలి. అదే కష్టం.

“మీరు... బాల్కనీలోకి... రావడంలేదు...” అంది లైబ్రరీ ఆమె. పెదవులు కదిలాయి తప్ప గాలి కదలలేదు.

“ఏమన్నారు?” అంటూ కంచక్క చెవి దగ్గరపెట్టింది.

“మీరీమధ్య ఫోను మాట్లాడటంలేదేమని అమ్మ అడగమంది. ఎవరో అమ్మాయికి లైసెన్సు రావాలటగా? వచ్చిందో లేదో తెలియక అమ్మకి అన్నం సహించడంలేదు.”

కంచక్క బిగించిన కొంగు వదిలేసింది. “మీ అమ్మగారికి నా ఫోను కబుర్లెందుకు?” అంది.

విషయం ఇది. పెద్దావిడకి వినికిడి తగ్గి చాలాకాలమైంది. చెవి మిషను పెట్టిస్తే, “నా చెవిలో ఎవడో ఈల వేస్తున్నాడు” అని తీసి సొరుగులో పడేసింది. కాగితం మీద రాసి చూపిద్దామంటే చూపు ఆనదు. అడిగి అడిగి విసిగి, అందరి మాటలకీ తలాడించడం నేర్చుకుంది. క్రమంగా అదీ మానేసింది. అలాంటి మనిషికి ఒక సాయంత్రం ఎదురు బాల్కనీలోంచి స్పష్టంగా, పదం పదం, ఒక గొంతు వినిపించింది. అది వినడానికే ఆవిడ కిటికీ తీసేది. ఒక్క మాట జారిపోకూడదని కనుబొమలు ముడిచి వినేది.

“నేను కోపమనుకున్నానమ్మా!” అంది కంచక్క, అప్పటికప్పుడు చెప్పుల్లో కాళ్లు దూర్చుతూ.

ఎదురింటి మేడమీద పెద్దావిడ ఆమెను చూస్తూనే మంచం మీద లేచి కూర్చుంది.

“వచ్చావా! ఏమైపోయావు ఇన్నాళ్లూ? ఆ పిల్లకి లైసెన్సు వచ్చిందా, లేదా?”

“ఇంకా లేదు పిన్నిగారూ! నేను తలుపు మూసుకుని మాట్లాడిన రోజుల్లో మూడోసారి వెళ్లింది. అంతా బాగా నడిపి, చివర్లో దిగేటప్పుడు బ్రేకు వెయ్యడం మర్చిపోయింది. పరీక్ష పెట్టేవాడు లోపలుండగానే బండి పల్లంలోకి కదిలింది!”

పెద్దావిడ ముందు కళ్లు పెద్దవి చేసింది. తర్వాత నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ నవ్వింది. టీ కప్పులతో గుమ్మంలో నిలబడ్డ కూతురు అడుగు లోపలికి వెయ్యలేకపోయింది.

“అమ్మ నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో” అంది.

“నువ్వూ మాట్లాడమ్మా మరి. నీ మాట నాకే వినపడటంలేదు, ఆవిడకేం వినపడుతుంది?”

“నాకు గొంతు లేవదండీ. పనిలో రోజంతా అందర్నీ మాట్లాడొద్దనడమేగా.” తల వంచుకుని అంది: “అదొక్కటే కాదు. ఇంత నిశ్శబ్దంగా ఉండే వీధిలో నేను గట్టిగా అరిస్తే, ముసలితల్లిని సాధిస్తోందని అనుకోరూ?”

ఆ భయం కంచక్కకి తెలిసిందే. కొన్ని రోజులుగా తన గొంతు నొక్కింది కూడా అదే. బస్సులో తను ఎన్ని వేల సార్లు అరిచి ఉంటుంది! ఒక్కరూ దాన్ని తిట్టనుకోలేదు.

“తిట్టడానికి అరవడం వేరు, అందేలా పిలవడం వేరు” అంది. “వినేవాళ్లకి తేడా తెలుస్తుందిలే. ఏదీ, కడుపులోంచి పిలువు.”

మొదటిసారి “అమ్మా” అన్నది పిల్లికూనలా వచ్చింది. పెద్దావిడ కంచక్కనే చూస్తూ ఉంది. రెండోసారి కాస్త నయం, మంచం దాకా వెళ్లి ఆగిపోయింది.

“బస్సు వెళ్లిపోతోంది! మీ అమ్మ స్టాపులో ఉండిపోయింది! పిలువు!” అంది కంచక్క.

“అమ్మా!!”

కప్పులు గలగలమన్నాయి. పక్కింటి కుక్క మొరిగింది. పెద్దావిడ చటుక్కున తలతిప్పి, “ఏమే?” అంది.

కూతురు కళ్లనిండా నీళ్లతో, పెట్టగలిగినంత గొంతు పెట్టి అరిచింది: “ఏమీ లేదమ్మా! ఊరికే!”

“ఊరికేనా? అయితే టీ ఇలా తే, చల్లారిపోతోంది” అంది తల్లి.

మర్నాడు సాయంత్రం కంచక్క మళ్లీ బాల్కనీలో నిలబడి డ్రైవరుకి ఫోను చేసింది. ఎదుటి కిటికీలో కుర్చీ వేసుకుని పెద్దావిడ సిద్ధంగా ఉంది. ఫోను పెట్టేశాక కింద ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే కుక్క గొలుసు పట్టుకుని పక్కింటాయన.

“ఏమీ అనుకోకండి,” అన్నాడాయన మొహమాటంగా, “నాలుగో పరీక్ష ఎప్పుడన్నారు? ఆ తారీకు దగ్గర కుక్క మొరిగింది. మా ఆవిడ కనుక్కు రమ్మంది.”

కింద వరండాలో కూర్చున్న చెల్లెలు నవ్వాపుకోలేకపోయింది. ఇన్నేళ్లుగా ఆయన ఆమెతో తలూపడం తప్ప మాట్లాడింది లేదు.

ఆదివారం పొద్దున్నే ఎదురింట్లో గొడవ మొదలైంది. కూరలో ఉప్పు ఎక్కువైందని తల్లి, నీకు నాలుక చెడిందని కూతురు. “నీ చేతికే కొలత లేదు!” అని ఒకరు, “నువ్వు నేర్పిందేగా!” అని ఇంకొకరు. ఏళ్ల తరబడి దాచుకున్న మాటలన్నీ ఒక్కపూటలో ఖర్చుపెట్టేస్తున్నట్టు ఇద్దరూ గొంతులు చించుకుంటున్నారు. మధ్యమధ్య ఎవరిదో తెలియకుండా ఒక నవ్వు.

చెల్లెలు అలవాటుకొద్దీ కిటికీ మూయబోయి, రెక్క మీద చెయ్యి వేసి ఆగింది. “ఎంత బాగా పోట్లాడుకుంటున్నారో చూడక్కా” అంది.

“మరే” అంది కంచక్క. పాతగది యజమానికి ఫోను చేసి, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమంది. ఆయన పేరు అడక్కుండానే గొంతు గుర్తుపట్టాడు. ఫోను కాస్త చెవికి దూరంగా పెట్టుకుని, “అర్థమైందమ్మా” అన్నాడు.